పెట్టుబడి కాదది, బాడుగ

గుంటూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు ఒక డీటీపీ సెంటర్లో పని నేర్చుకుంది. ఇక ఇంటి దగ్గరే కూర్చుని పుస్తకాలకు పేజీలు కట్టడం, ముఖచిత్రాలు చేయడం మొదలుపెడదామనుకుంటోంది. చేతిలో అప్పుడే రెండు పనులున్నాయి: ఒక కవితా సంపుటి, రిటైరైన ఒక టీచరుగారి ఆత్మకథ. "అక్కా, లాప్‌టాప్ వాయిదాల్లో తీసుకున్నాను. సాఫ్ట్‌వేర్ కూడా పెద్దదే కొనాలంటున్నారు, లేకపోతే ప్రొఫెషనల్ అని ఎవరూ లెక్కచెయ్యరంట. అమ్మ గాజులు కుదవ పెడతానంటోంది. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

గాజులు బీరువాలోనే ఉండనివ్వమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక కోపం వచ్చింది. ఆ మాట ఆమె చెవిలో వేసినవాళ్ల మీద వచ్చిన కోపం అది. ఈ వ్యాసం వాళ్ల కోసం.

ఆ మాట ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. శిక్షణ సంస్థల కరపత్రాల్లో ఉంది, కెరీర్ సలహాల వీడియోల్లో ఉంది, మా వృత్తిలో పెద్దవాళ్లనిపించుకున్నవాళ్ల నోట ఉంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను ఖర్చుగా చూడకూడదట, పెట్టుబడిగా చూడాలట. పెద్ద కంపెనీలు ఏది వాడితే మనమూ అదే వాడాలట. పనిముట్టు దగ్గర చెయ్యి ముడుచుకున్నవాడు పైకి రాడట. వినడానికి సబబుగానే ఉంటుంది. జీతాలిచ్చి పాతికమందిని పెట్టుకున్న ఆఫీసు విషయంలో నిజం కూడా కావచ్చు. ఒంటిచేత్తో పని చేసుకునేవాళ్ల విషయంలో మాత్రం అది తప్పు. ఇరవై ఏళ్లకు పైగా పుస్తకాలు కడుతూ, మధ్యమధ్య అనువాదాలు చేస్తూ బతుకుతున్న మనిషిగా చెబుతున్నాను: ఆ తప్పు మావాళ్ల డబ్బునూ తింటోంది, మేం చేసిన పనినీ తింటోంది.

ముందు పెట్టుబడి అనే మాట సంగతి చూద్దాం. దర్జీ కుట్టుమిషను కొన్నాడంటే అది పెట్టుబడి. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో మిషను మూలన ఉంటుంది, దర్జీని తిండి అడగదు. శ్రావణం రాగానే దుమ్ము దులిపి రెండు చుక్కల నూనె వేస్తే మళ్లీ నడుస్తుంది. చెయ్యి బాగా ఇరుకైతే సగం ధరకైనా అమ్ముకోవచ్చు. కూతురు నేర్చుకుంటే ఆమెకిచ్చేయవచ్చు. ఇప్పుడు ఇంకో మిషను ఊహించండి. నెలనెలా డబ్బు కడితేనే నడుస్తుంది. ఒక నెల తప్పితే తాళం పడిపోతుంది, సగం కుట్టిన జాకెట్టు సూది కింద ఉండగానే. అమ్మడానికి లేదు, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు, పదేళ్లు కట్టినా పదకొండో ఏడు మీది కాదు. దీన్ని ఏ దర్జీ అయినా పెట్టుబడి అంటాడా? మన ఊళ్లలో దీనికి పేరుంది. బాడుగ అంటారు.

ఎప్పుడూ ఇలా లేదు. డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబీ సీఎస్6 అమ్మిన రోజుల్లో అన్ని ప్రోగ్రాములూ కలిసిన మాస్టర్ కలెక్షన్ ధర అమెరికాలో 2,599 డాలర్లు. మా బోటివాళ్లకు అందే ధర కాదు, కానీ కొన్నవాళ్లది కొన్నట్టు ఉండేది. 2013 మే నెలలో ఆ కంపెనీ ఇక శాశ్వత లైసెన్సుతో కొత్త వెర్షన్లు రావని, చందా కట్టి వాడుకోవలసిందేనని ప్రకటించింది. 2016లో ఆటోడెస్క్ కూడా అదే దారి పట్టింది. చందాను సమర్థించినవాళ్లు అప్పట్లో ఒక మాట చెప్పారు: ఒకేసారి లక్షలు పెట్టనక్కర్లేదు, చిన్నవాళ్లకు ఇదే సులువు. ఆ చిన్న మొత్తం చిన్నదిగా ఉండిపోలేదు. అమెరికాలో మొత్తం ప్రోగ్రాములకు నెల చందా 49.99 డాలర్లతో మొదలై 2025లో 69.99కి చేరింది. అంటే 40 శాతం పెరిగింది. మధ్యలో కృత్రిమ మేధ సదుపాయాలు చేర్చామన్నారు. అవి కావాలని మనల్ని ఎవరు అడిగారు? ఇంటివాడు గదిలో కొత్త ఫ్యాను బిగించి అద్దె పెంచితే, వద్దంటే ఇల్లు ఖాళీ చేయాలి. ఇక్కడ ఖాళీ చేయాలంటే మన సామాను కూడా లోపలే ఉండిపోతుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

బాడుగ ఎక్కువా తక్కువా అన్నది కూడా అసలు ప్రశ్న కాదు. మా పని నెలనెలా రాదు, బాడుగ నెలనెలా వస్తుంది. ముప్పు అక్కడ ఉంది. తెలుగు పుస్తకాల పని ఎలా ఉంటుందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదటివారంలో విజయవాడ పుస్తక మహోత్సవం. దసరా దాటినప్పటి నుంచి అందరికీ అన్నీ అప్పుడే కావాలి. రాత్రి రెండింటిదాకా ప్రూఫులు సరిచేస్తాం. సంక్రాంతి వెళ్లాక ఫోన్ మోగదు. డిసెంబరులో చేసిన పనికి డబ్బు ఉగాదికి వస్తే అదృష్టం. పేజీకి 40 రూపాయలు, సాఫ్ట్‌వేర్ బాడుగ నెలకు 3 వేలు అనుకుందాం. లెక్క కోసం అనుకుంటున్న అంకెలే ఇవి. నెలకు 75 పేజీలు, ఏడాదికి 900 పేజీలు ఆ బాడుగ కోసమే కట్టాలి. కరెంటు, ఇంటర్నెట్టు, లాప్‌టాప్ వాయిదా, ఇంట్లో బియ్యం, అన్నీ ఆ తర్వాతే. పెద్ద ఆఫీసుకు ఈ లెక్క మరోలా ఉంటుంది. వాళ్లు చందా మీద పడే 18 శాతం జీఎస్టీని తాము కట్టాల్సిన పన్నులో సర్దుకుంటారు. ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటక, రిజిస్ట్రేషన్ లేక పని చేసుకునే మాకు ఆ 18 శాతం చేతినుంచి పోయే డబ్బే.

"ఖర్చు రాసుకుంటే ఇన్‌కంటాక్స్‌లో తగ్గుతుంది కదా" అనే సలహా కూడా వినిపిస్తుంది. ఇదీ పెద్ద ఆఫీసుల నుంచి అరువు తెచ్చుకున్న మాటే. ఒంటరిగా పని చేసే ఆర్కిటెక్టులు, ఇంటీరియర్ డెకరేటర్ల వంటివాళ్లలో చాలామంది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షను కిందే లెక్క చూపుతూ వచ్చారు. వచ్చిన దాంట్లో సగం ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల చిట్టా రాయనక్కర్లేదు. ఆ పద్ధతిలో సాఫ్ట్‌వేర్‌కు రూపాయి పెట్టినా లక్ష పెట్టినా పన్ను ఒకటే. అసలు సంగతేమిటంటే మాలో చాలామందికి పన్ను పడేంత ఆదాయమే ఉండదు.

బాడుగ మానేద్దామంటే అది కూడా తేలిక కాదు. 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం తన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసు మీద అడోబీపై కోర్టుకెక్కింది. ఆరోపణ ఇది: నెలనెలా కట్టే ఏడాది ఒప్పందాన్ని ముందుకు తోసి, మొదటి ఏడాది మధ్యలో మానేస్తే మిగిలిన నెలల డబ్బులో సగం కట్టాలనే షరతును కంటికి ఆననంత మూలన పెట్టారని, మానుకునే దారిని కావాలనే చిక్కుగా చేశారని. కంపెనీ ఆ ఆరోపణలను ఖండించింది. కోర్టు సంగతి పక్కన పెట్టినా, ఏడాది ఒప్పందాన్ని నెల ఒప్పందంగా పొరబడినవాళ్లను నేను చాలామందిని చూశాను. పని లేని ఫిబ్రవరిలో ఆపేద్దామని వెళ్లి, ఆపడానికి కూడా డబ్బు కట్టాలని తెలిసి, ఆ డబ్బు లేక మళ్లీ కడుతూ పోయినవాళ్లు.

ఇక్కడ మనవాళ్లు ఒక మాట అంటారు. "ఇంత గొడవెందుకు? క్రాక్ వేయించుకుంటే పోలా?"

ఈ మాటను తేలిగ్గా వదిలేయలేను. మన దగ్గర ఈ వృత్తిలో అడుగుపెట్టేవాళ్లలో ఎక్కువమంది మొదటి మెట్టు అదే. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేస్తాం. వచ్చేటప్పుడు పెన్‌డ్రైవులో సాఫ్ట్‌వేర్, దాన్ని నమ్మించే చిన్న ఫైలు కూడా తెచ్చుకుంటాం. నేనూ మొదట్లో అదే చేశాను. అప్పుడు అది తెలివి అనుకున్నాను. పెద్ద కంపెనీకి మనం కట్టకపోతే ఏం నష్టంలే, పేదవాళ్లకు అదే న్యాయం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. దానికి చట్టం ఒక్కటే కారణం కాదు. చట్టం సంగతి కూడా తెలియాలి కాబట్టి చెబుతున్నాను: 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షను ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాము వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్లదాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయలదాకా జరిమానా.

క్రాక్ వాడేవాడు కంపెనీని ఎదిరిస్తున్నాననుకుంటాడు. నిజానికి ఆ కంపెనీ కొలువులో జీతం లేకుండా పని చేస్తున్నాడు. మూడు నెలల కోర్సులో పిల్లల చేతికి పేజీలు కట్టే అడోబీ ఇన్‌డిజైన్ అనే ఒకే ఒక్క ప్రోగ్రాము షార్ట్‌కట్లు అలవాటవుతాయి. వాళ్లే రేపు ప్రెస్సుల్లో, పత్రికల్లో, ప్రచురణ సంస్థల్లో కూర్చుని "ఇన్‌డిజైన్ ఫైలు పంపండి" అంటారు. అప్పుడు ఇంకొకరు ఆ ప్రోగ్రాము తెచ్చుకోక తప్పదు. కొన్నా దొంగిలించినా, రెండు దారులూ "ఇది లేనిదే పని లేదు" అనే ఒకే నమ్మకానికి మొక్కుతున్నాయి. డబ్బు కట్టి మొక్కేవాడు ఒకడు, కట్టకుండా మొక్కేవాడు ఇంకొకడు. మూడో దారి వెతకాలనే ఆలోచన ఇద్దరికీ రాదు. మన పిల్లలు ఇన్నేళ్లుగా క్రాకుల మీద పెట్టిన సమయంలో పదో వంతు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో తెలుగు బాగుచేయడానికి పెట్టి ఉంటే, ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు. పైగా క్రాక్ వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమంటారు. రచయిత ఇరవై ఏళ్లు రాసుకున్న రాతప్రతి ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. మనల్ని నమ్మి ఇచ్చినదాన్ని ఎవరో ముక్కూమొహం తెలియనివాడి ప్రోగ్రాము పక్కన పెట్టి నిద్రపోతున్నాం.

సామాను లోపలే ఉండిపోతుందన్నాను కదా. తెలుగువాళ్లకు ఇది కొత్త అనుభవం కాదు. ఒకసారి నిండా మునిగినవాళ్లం మనం.

ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చిన పేజ్‌మేకర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. తెలుగు డీటీపీ అంటే చాలాకాలం పేజ్‌మేకరే. దానికి తోడు అనూ, శ్రీలిపి వంటి తెలుగు ఫాంటు ప్యాకేజీలు. అవి లేకపోతే లెటర్‌ప్రెస్ నుంచి ఆఫ్‌సెట్‌కు మనం అంత వేగంగా వచ్చేవాళ్లం కాదు, ఆ రుణం ఒప్పుకోవాలి. కానీ ఒక్కో ప్యాకేజీది ఒక్కో సంకేత పద్ధతి. తలకట్టుకో కోడు, కొమ్ముకో కోడు, వత్తుకో కోడు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చునేవి. ఆ ఫాంటు ఉన్నంతసేపు తెరమీద తెలుగు. ఫాంటు తీసేస్తే అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తుల గుట్ట. వెతకడానికి లేదు, అకారాదిగా పేర్చడానికి లేదు, ఇంకో కంప్యూటర్‌కు పంపితే చదవడానికి లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, 128 స్థానాల గడి. దాన్ని వదిలేసి మనం పదిహేను, ఇరవై ఏళ్లపాటు వేల పుస్తకాలను ఆ గుర్తుల గుట్టల్లో కట్టాం. నేనూ కట్టాను.

పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. తర్వాత ఆ కంపెనీ చూపు ఇన్‌డిజైన్ మీదికి మళ్లింది. సీఎస్6 వరకూ వచ్చిన ఇన్‌డిజైన్లు పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లను తెరిచేవి. చందా కట్టి వాడే తర్వాతి వెర్షన్లు తెరవవు. అందుకే ఇవాళ్టికీ మన ఊళ్లలో పాత విండోస్ ఉన్న ఒక ముసలి కంప్యూటర్‌ను ఎవరినీ ముట్టుకోనివ్వకుండా కాపాడుకునే డీటీపీ సెంటర్లున్నాయి. అది పాడైతే వాళ్ల పాతికేళ్ల పని పోతుంది.

మూడేళ్ల కిందట ఒక ప్రచురణకర్త 2002 నాటి నవల మళ్లీ వేద్దామని నా దగ్గరికి వచ్చారు. రచయిత లేరు. రాతప్రతి లేదు. పుస్తకం పేజీలు కట్టింది నేనే, సీడీ భద్రంగా ఉంది, కాబట్టి ధైర్యంగా ఒప్పుకున్నాను. సీడీలో ఫైళ్లన్నీ ఉన్నాయి. కానీ అప్పటి ఫాంటు ప్యాకేజీకి ఒక లాక్ ఉండేది. కంప్యూటర్ వెనక పాతకాలపు ప్రింటరు పోర్టుకు తగిలిస్తేనే నడిచేది. ఆ లాక్ ఎప్పుడో పోయింది, ఆ పోర్టు ఉన్న కంప్యూటర్ కూడా లేదు. దొరికిన మార్పిడి ప్రోగ్రాములతో ప్రయత్నిస్తే వత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకోచోట పడ్డాయి. ఆఖరికి అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని 312 పేజీలూ మళ్లీ టైపు చేయించాం, మూడుసార్లు ప్రూఫులు చూశాం. ఆ ఖర్చు ప్రచురణకర్తను అడగడానికి నాకు మనసొప్పలేదు. ఆ పేజీలు ఒకసారి నా చేత్తోనే కట్టి, డబ్బు తీసుకుని, ఆయనకు తిరిగి వాడుకోలేని వస్తువు ఇచ్చాను. అప్పుడు అందరూ వాడేదే వాడాను. అందరూ వాడేది అన్న ధీమాతోనే ఇంకేమీ ఆలోచించలేదు.

కాబట్టి "పరిశ్రమ ప్రమాణం" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ సీడీ గుర్తొస్తుంది. పేజ్‌మేకర్ కూడా ఒకప్పుడు పరిశ్రమ ప్రమాణమే. అమ్మేవాడికి ఆసక్తి ఉన్నంతకాలమే ప్రమాణం. మన పుస్తకం అంతకన్నా ఎక్కువ కాలం బతకాలి.

ఇప్పటి చందా సాఫ్ట్‌వేర్‌లో ఈ ముప్పు ఇంకా దగ్గరికొచ్చింది. 2019 అక్టోబరులో అడోబీ వెనిజువెలాలోని ఖాతాలన్నీ మూసేస్తున్నామని ప్రకటించింది. అమెరికా ప్రభుత్వ ఆంక్షల ఉత్తర్వే కారణం. అక్కడి డిజైనర్లు ఏ నేరమూ చేయలేదు. కొన్ని వారాలకు ప్రత్యేక అనుమతి వచ్చి ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు, కానీ ఆ వారాల్లో వాళ్లు ఎంత తల్లడిల్లి ఉంటారో సొంతంగా పని చేసుకునేవాళ్లకు వేరే చెప్పాలా? అంత దూరం ఎందుకు, 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షల నేపథ్యంలో మన దేశంలోని నయారా ఎనర్జీకే మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. వాళ్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు, సేవలు తిరిగి వచ్చాయి. చమురు శుద్ధి చేసే కంపెనీకి లాయర్లుంటారు. గుంటూరులో ఇంటి వసారాలో కూర్చుని ఆత్మకథకు పేజీలు కట్టే అమ్మాయికి ఎవరున్నారు?

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం, దీన్ని గౌరవంగానే తీసుకోవాలి. "ఉచితంగా దొరికేవాటిలో తెలుగు సరిగా రాదు." పదేళ్ల కిందట ఈ మాట అన్నవాళ్లతో నేనూ తలూపేదాన్ని. వత్తులు విడిపోయేవి, క్షకారం ముక్కలయ్యేది. ఇన్‌డిజైన్‌లో కూడా సీఎస్6 దాకా తెలుగు యూనికోడ్ సరిగా నిలబడలేదని ఇక్కడ గుర్తుచేయాలి. అన్ని వేలు పోసి కొన్నవాళ్లకూ అప్పటిదాకా అదే గతి. ఇప్పుడు పరిస్థితి మారింది. సంయుక్తాక్షరాలను సరిగా పేర్చే హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా ఇంజిను లిబ్రెఆఫీస్‌లో ఉంది, స్క్రైబస్‌లో ఉంది. పేజీలు కట్టే స్క్రైబస్ 1.6 వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది. సీఎంవైకే రంగులు, ప్రెస్సుకు పంపే పీడీఎఫ్/ఎక్స్, బ్లీడు, కటింగ్ గుర్తులు, అన్నీ చేస్తుంది. ఫాంట్ల కొరత కూడా మునుపటిలా లేదు. తిరుమల కృష్ణ దేశికాచారిగారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా పంచారు. సిలికానాంధ్ర, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, పెద్దన, తిమ్మన వంటివి ఎవరైనా వాడుకునే లైసెన్సుతో ఉన్నాయి.

ఇది కాగితం మీది మాట అనుకునేవాళ్లు కేరళ వైపు చూడండి. జనయుగం అనే మలయాళ దినపత్రిక 2019లో తన పేజీల తయారీ మొత్తాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చుకుంది. పేజీలకు స్క్రైబస్, బొమ్మలకు గింప్, ఇంక్‌స్కేప్, క్రిటా. మలయాళ లిపి చిక్కులు మన లిపికన్నా తక్కువవి కావు. రోజూ రాత్రి గడువుతో పరుగెత్తే దినపత్రిక చేయగలిగిన పని, నెలకొక పుస్తకం చేసే మనం చేయలేమా?

లోపాలు లేవని చెప్పను. పెద్ద పుస్తకాన్ని ఒకే ఫైల్లో పెడితే స్క్రైబస్ నెమ్మదిస్తుంది, నేను అధ్యాయాలుగా విడగొట్టుకుంటాను. ఇన్‌డిజైన్ ఫైలును అది నేరుగా తెరవలేదు. మొదటి రెండు పుస్తకాలకు నాకు మామూలుకన్నా ఎక్కువ సమయం పట్టింది. ఆ సమయం కూడా ఖర్చే, ఒప్పుకుంటాను. కానీ అది ఒకసారి పెట్టి నేర్చుకున్న విద్య, నాతోనే ఉంటుంది. పెట్టుబడి అనే మాట ఎక్కడైనా అతికితే ఇక్కడ అతుకుతుంది.

అనువాదకుల లోకంలోనూ ఇదే పాట. ట్రాడోస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్ లేకపోతే ఏజెన్సీలు పని ఇవ్వవని కొత్తవాళ్లను బెదరగొడతారు. ఆ రంగంలో అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. చేసిన అనువాదాలను మళ్లీ వాడుకోవడానికి దాచిపెట్టే అనువాద స్మృతిని ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి మార్చుకోవడానికి టీఎంఎక్స్ అనే ఉమ్మడి పద్ధతి 1998 నుంచే ఉంది, పని ఫైళ్లకు ఎక్స్‌లిఫ్ ఉంది. ఉచితంగా దొరికే ఒమేగాటి ఈ రెంటినీ చదువుతుంది. ఏజెన్సీకి నిజంగా ఫలానా ప్రోగ్రామే కావాలంటే, పని జరిగినన్నాళ్లూ లైసెన్సు తామే ఇచ్చే ఏజెన్సీలున్నాయి. మెమోక్యూ అనే అనువాద ప్రోగ్రాము సర్వరు ఉన్నచోట ఇది మామూలే. ఇవ్వని ఏజెన్సీని అడగండి. మీ పద్ధతిలోనే చేయాలంటే మీ పనిముట్టు మీరే ఇవ్వండి అనడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. తాపీమేస్త్రీని సిమెంటు తనే తెచ్చుకోమని ఏ ఇంటాయనా అనడు.

పేరున్న సాఫ్ట్‌వేర్‌తోనే నాణ్యత వస్తుందనేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తీసిన ఫ్లో 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. దాన్ని తయారుచేసింది బ్లెండర్‌లో. ఆ బ్లెండర్ 2002లో మూతపడే స్థితిలో ఉన్నప్పుడు, వాడేవాళ్లు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి అందరి సొత్తు చేసుకున్నారు. పెట్టుబడి పెట్టడమంటే వాళ్లు చేసింది అనాలి. డబ్బు ఇవ్వొద్దని నేను చెప్పడం లేదు. నేను ఏటా డిసెంబరు పనుల డబ్బు రాగానే కొంత స్క్రైబస్‌కు, కొంత లిబ్రెఆఫీస్‌కు పంపుతాను. ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే సాఫ్ట్‌వేర్‌కూ నేను వ్యతిరేకిని కాను. వీడియో ఎడిటింగ్ చేసే మిత్రులు డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో మొదలుపెట్టి, పని పెరిగాక 295 డాలర్లు ఒకేసారి కట్టి స్టూడియో వెర్షన్ తీసుకున్నారు. అది నాకు న్యాయమైన బేరంగానే కనిపిస్తుంది.

ఖరీదైన చందా కట్టక తప్పని చోట్లు ఉన్నాయా? ఉన్నాయి. ఒక పత్రికకు ప్రతి నెలా పని చేస్తూ, రోజూ వాళ్ల ఆఫీసుకూ మీ ఇంటికీ మధ్య ఇన్‌డిజైన్ ఫైళ్లు తిరుగుతుంటే కట్టండి. ఆ పని ఇచ్చే డబ్బులోంచే, ఆ పని ఉన్నన్నాళ్లే కట్టండి, ఆ బాడుగను మీ బిల్లులో ఒక పద్దుగా చూపండి. పని ముగిసేటప్పుడు ప్రతి ఫైలునూ ఇతర ప్రోగ్రాములు చదివే ఐడీఎంఎల్ రూపంలోనూ, మొత్తం పాఠాన్ని మామూలు యూనికోడ్ ఫైలుగానూ తీసి పెట్టుకోండి. పని రాకముందే, పని వస్తుందన్న ఆశతో, గాజులు కుదవపెట్టి కట్టడం మాత్రం వద్దు.

ప్రచురణకర్తలకు కూడా ఒక విన్నపం ఉంది, ఎందుకంటే ఈ ఒత్తిడి మొదలయ్యేది మీ దగ్గరే. పని ఇచ్చేటప్పుడు ఫలానా సాఫ్ట్‌వేర్‌లో చేయాలని రాయకండి. మీకు కావలసింది రాయండి: ఫాంట్లు లోపల ఇమిడిన ప్రెస్సు పీడీఎఫ్, 300 డీపీఐ బొమ్మలు, ముఖచిత్రానికి 3 మిల్లీమీటర్ల బ్లీడు, పాఠం మొత్తం యూనికోడ్‌లో ఒక విడి ఫైలు. ఆ విడి ఫైలు అడగడం మాత్రం మరిచిపోకండి. మీ పుస్తకం ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అచ్చుకావాలంటే మీకు మిగిలేది అదే. నా చేతిమీదుగా వెళ్లే ప్రతి పుస్తకానికీ ఇప్పుడు ఆ ఫైలు అడగకపోయినా ఇస్తున్నాను.

గుంటూరు అమ్మాయి రెండు నెలలు స్క్రైబస్‌తో కుస్తీ పట్టింది. వారానికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. అధ్యాయాల పేర్ల కింద ఖాళీ సరిగా రావడం లేదని ఒకరాత్రి ఏడ్చినంత పని చేసింది. టీచరుగారి ఆత్మకథ 184 పేజీలు, డెమీ 1/8 సైజు, మొన్న విజయవాడలో ప్రెస్సుకు వెళ్లింది. పీడీఎఫ్ తీసుకున్న ప్రెస్సాయన ఆమెను అడిగింది ఒక్కటే: "స్పైన్ ఎన్ని మిల్లీమీటర్లు వేశావమ్మా?"